పక్క పడవ మనిషి

నోటరీ సీలు సంచి భోజనాల బల్ల మీదే ఉంది. తీసి లోపల పెడితే తమ్ముడి ముందు దాచినట్టుంటుందని సుధామణి దాన్ని కదపలేదు.

హేమసుందర్ కూడా దానివైపే చూస్తున్నాడు. తెల్లవారే బందరులో బస్సెక్కి వచ్చాడు. భవానీపురంలో అక్క ఇంటి మెట్లెక్కి, చెప్పులు విప్పి, గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నవాడు అక్కణ్ణుంచి లేవలేదు. ఇచ్చిన కాఫీ మీద మీగడ కట్టింది.

“అయితే వెయ్యవన్నమాట,” అన్నాడు మళ్ళీ.

“నేను వెయ్యకూడదంటున్నాను.”

“రెండూ ఒకటేలే.”

ఒకటి కాదని విడమరిచి చెప్పే ఓపిక సుధామణికి లేదు. నాన్న పోయిన ఈ మూడు నెలల్లో ఆమెకు చాలా వాటికి ఓపిక పోయింది. కోర్టు పక్క వీధిలో తన బల్ల దగ్గర కూర్చుంటే చేతులు వాటంతటవే పని చేసుకుపోతాయి. కాగితం చదవడం, వచ్చిన మనిషి మొహం, ఆధార్ కార్డు మీది మొహం పోల్చుకోవడం, ఎదురుగా సంతకం పెట్టించుకుని నోటరీ సీలు వేయడం. ఇల్లు చేరాక ఆ చేతులకు కూడా ఏం చేయాలో తెలియడం లేదు.

సంచి పక్కనే కాగితాలున్నాయి. బందరులో ఎవరో రాసిచ్చిన అఫిడవిట్. కీర్తిశేషులు కొండలయ్య గారి పేరున ఉన్న మర పడవను కొడుకు హేమసుందర్ పేరుకు మార్చడానికి, భార్య పేరమ్మ, కూతురు సుధామణి అనే తమకు ఎలాంటి అభ్యంతరం లేదని ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నట్టు. ఉదయం నుంచి ఆమె దాన్ని చాలాసార్లు చేతిలోకి తీసుకుంది. ప్రతిసారీ ‘కీర్తిశేషులు’ దగ్గరే ఆగిపోయింది. రోజూ ఎవరెవరి తండ్రుల పేర్ల ముందో చదివి దాటిపోయే మాట.

“వచ్చే వారం వేట నిషేధం ఎత్తేస్తున్నారు,” అన్నాడు హేమసుందర్. “పేరు మారిన కాగితం చూపిస్తే గానీ పడవ కదలనివ్వరంట. ఆఫీసులో చెప్పేశారు. కళాసీలు నా మొహం చూసుకుంటా కూర్చుంటారా? ఇప్పటికే ఇద్దరు అవతలి పడవోళ్ళతో మాటలు కలుపుతున్నారు. ఎక్కే మనుషులు పోయాక ఉత్త పడవ నేనేం చేసుకోను, వడియాలు పెట్టుకోనా దాని మీద?”

“కాగితం వద్దనలేదురా. నా సంతకం నేను పెడతాను. సీలు ఇంకొకరు వేస్తారు.”

“ఇంకొకరెందుకక్కా? అమ్మ ఇంట్లోనే ఉంది. నువ్వు ఇంట్లోనే ఉన్నావు. సీలు సంచిలో ఉంది. నూతి గట్టు మీద కూర్చుని నీళ్ళకి ఊరి మీద పడమంటావు.” అతని గొంతు లేచింది. “నీకు నోటరీ వచ్చిన రోజు నాన్న పల్లెపాలెం అంతా లడ్డూలు పంచాడు. వల ఆరేసే ముసలోళ్ళక్కూడా పెట్టాడు. ఎందుకనుకున్నావు? రేపు ఇంటికి అక్కరకొచ్చుద్దనే.”

ఆ లడ్డూల పొట్లం ఒకటి సుధామణి బ్యాగులో చాలా రోజులు ఉండిపోయింది, చీమలు పట్టేదాకా.

అద్దం ముందు తల దువ్వుకుంటున్న ఆమె భర్త వీరాస్వామి దువ్వెన జేబులో పెట్టుకుని హాల్లోకి వచ్చాడు. ఆటోనగర్‌లో లారీల కమాను పట్టీల షాపు అతనిది. ఇంట్లో గొడవ వాసన తగిలితే ఆ రోజు షాపు త్వరగా తెరుస్తాడు.

“బావా, నువ్వన్నా చెప్పు,” అన్నాడు హేమసుందర్.

“నేనా? అక్కాతమ్ముళ్ళ మధ్య దూరితే సాయంత్రానికి మీరిద్దరూ కలిసిపోయి నన్ను తంతారు.”

“నీ షాపు అద్దె కాగితానికి ఎవరేశారు సీలు? అక్కే కదా?”

“అదిగో, ఆ ముక్క అడుగు నన్ను!” వీరాస్వామి బైకు తాళం వేలికి తగిలించుకుని ఆగాడు. “పెళ్ళాం నోటరీ. పక్క బల్ల దగ్గర యేసుబాబు గారి ముందు ఎండలో లైన్లో నిలబడ్డాను. ఈవిడ పక్కనే కూర్చుని నన్నెప్పుడూ చూడనట్టు మొహం పెట్టింది. ఆటోనగర్‌లో ఇప్పటికీ నవ్వుతారు. మీ అక్క చేతి సీలు ఈ ఇంట్లో ఉప్పు జాడీకి కూడా పడదురా అబ్బాయ్. వదిలెయ్.”

అతను మెట్లు దిగిపోయాడు. ఇంట్లో ఫ్యాను చప్పుడు మిగిలింది.

“చట్టంలో రాసుందా?” అన్నాడు హేమసుందర్ కాసేపటికి. “తమ్ముడికి వెయ్యకూడదని?”

ఉందిరా అంటే చాలు. అతను పుస్తకం తిరగేసి చూడబోడు. గొడవ ఇక్కడితో ఆగిపోతుంది.

“తమ్ముడని పేరు పెట్టి లేదు,” అంది.

“చూశావా మరి!”

“లేదు. కానీ ఈ కాగితంలో నేనూ ఒకదాన్ని హేమూ. సుధామణి అనే ఆవిడ నా ఎదురుగా సంతకం పెట్టింది, ఇష్టపడే పెట్టింది అని సుధామణే సీలు వెయ్యాలా? రేపు ఆఫీసులో ఎవడో ఒకడు చూసి నవ్వుతాడు. నవ్వి ఊరుకుంటే సరే. చెల్లదని తిప్పికొడితే నీ పడవే ఆగుతుంది.”

“సరే. నీ వరకు ఎక్కడన్నా వేయించుకో. అమ్మ వరకు నువ్వు వెయ్యి.”

“అమ్మ వరకు అసలే వెయ్యను.”

మాట గట్టిగా వచ్చింది. ఎందుకంత గట్టిగా వచ్చిందో ఆమెకే తెలియలేదు. లోపలి గది తలుపు ఓరగా తీసి ఉంది. ఇద్దరూ ఒకేసారి అటు చూసి, ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

దినాలయ్యాక పేరమ్మను కూతురే తీసుకొచ్చింది. సముద్రం హోరు వినపడని చోటికి తీసుకుపొమ్మని ఆవిడే అడిగింది. వచ్చినప్పటి నుంచీ గడప దాటలేదు. ఏడాది వెళ్ళేదాకా దాటనంది. పొద్దున్నే ఎవరికీ ఎదురుపడకూడదని పాలవాడు వచ్చినా తలుపు చాటుకు పోతుంది. ఈ ఉదయం కొడుకు వచ్చాడని తెలిసీ గదిలోంచి రాలేదు. కొడుకూ గదిలోకి వెళ్ళలేదు.

“అన్నం తిను ముందు,” అంది సుధామణి.

“సీలు పడ్డాకే తింటా.”

“చిన్నపిల్లాడివా?”

“చిన్నోణ్ణయితే కాగితాలెందుకు, ఏడిస్తే ఇచ్చేవాళ్ళు.”

ఆమె మంచినీళ్ళ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మంచం ఉండగా పేరమ్మ కిటికీ కింద నేల మీద కూర్చుని ఉంది. కిటికీలోంచి రెండు అపార్టుమెంట్ల మధ్య కృష్ణా నది సన్నగా కనిపిస్తుంది. వచ్చిన కొత్తలో ఒకసారి, “ఇక్కడ నీళ్ళకి చప్పుడు లేదేంటే?” అని అడిగింది. ఏటికి అలలుండవు కదమ్మా అంటే, “మంచిదే,” అంది. ఆ తర్వాత రోజూ అక్కడే కూర్చుంటోంది.

“వాడేమన్నా తిన్నాడా?”

“లేదు. పని అయ్యాక తింటాడట.”

పేరమ్మ గ్లాసు అందుకుని పక్కన పెట్టింది.

“వాడితో ఒక్క మాట మాట్లాడొచ్చుగా అమ్మా. అంత దూరం నుంచి వచ్చాడు.”

“ఏం మాట్లాడను? వాడి మొహం చూస్తే ఒడ్డుకొచ్చినోడు కనపడడు నాకు. రానోడు కనపడతాడు.”

సుధామణి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరూ నది వైపు చూశారు. ఒక పడవ ఇసుక తిప్పను చుట్టుకుని నెమ్మదిగా పోతోంది.

“మనది కట్టేసే ఉందా?” అంది పేరమ్మ.

“కట్టేసే ఉంది.”

“కట్టేసున్న పడవ ఎవర్నీ మింగదు.”

సుధామణి ఆ మాటను దుఃఖం కొద్దీ అన్న మాటగానే విన్నది. పడవ పేరు మార్పు సంగతి ఇప్పుడే అడుగుదామా అనుకుంది. హేమూ ఫోనులో చెప్పే ఉంటాడులే అనుకుంది. తల్లి చేయి తన మోకాలి మీద పడి ఉంది. ఆ చేతిని కదిలించే ప్రశ్న ఏదీ అప్పుడు అడగాలనిపించలేదు. తర్వాత అడగొచ్చు.

హాల్లోకి వచ్చేసరికి హేమసుందర్ బల్ల దగ్గరికి జరిగి సీలు సంచి మీది జిప్పును వేలితో తడుముతున్నాడు. ఆమెను చూసి చేయి తీసేశాడు.

“దొంగతనంగా వేసుకుంటానని భయపడకులే. ఏ కాగితం మీద ఎక్కడ గుద్దాలో నాకేం తెలుసు.”

“నేనేమన్నా అన్నానా?”

“అన్లేదు. చూశావు.”

ఆమె ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. “నాన్న పడవ దిగాక వాటాలెలా పంచేవాడో గుర్తుందా?”

“ఇప్పుడదెందుకు?”

“గుర్తుందా లేదా?”

గుర్తులేకపోవడం ఏమిటి. ఒడ్డున ఇసుకలో చేపలు కుప్పలు పోసేవాళ్ళు. పడవకొక కుప్ప, వలకొక కుప్ప, మనిషికొక కుప్ప. ఒకడు కుప్పలకు వీపు పెట్టి సముద్రం వైపు చూస్తూ నిలబడతాడు. ఇంకొకడు కర్ర మొనతో ఒక కుప్పను తాకి, “ఇదెవరికి?” అంటాడు. వీపు పెట్టినవాడు చూడకుండానే ఒక పేరు పలుకుతాడు. పెద్ద చేప ఎవరి కుప్పలో పడినా ఇక పేచీ లేదు. తన పడవ వాటాలు పిలవడానికి కొండలయ్య ఏనాడూ ఇంటి మనిషిని నిలబెట్టలేదు. పక్క పడవ మనిషిని కేకేసి తెచ్చేవాడు.

“నేను పిలుస్తానని ఒకసారి నువ్వు ఇసుకలో దొర్లి ఏడ్చావు,” అంది సుధామణి.

హేమసుందర్ పెదవి కొంచెం కదిలింది. “నీకు వీపున కూడా కళ్ళుంటయ్యిరా, మీ అమ్మ ఏ చేప వండుద్దో ఆ కుప్పే నీకు కనపడుద్ది, అన్నాడు నాన్న.”

“పడవ మనది. వల మనది. మనిషీ ఇంట్లోనే ఉన్నాడు. మరి పక్క పడవ మనిషెందుకు నాన్నకి?”

అతను బల్ల మీద గోటితో గీస్తూ ఉండిపోయాడు.

“నువ్వు మోసం చేస్తావని కాదు హేమూ. నేను చేస్తాననీ కాదు. రేపు ఎవరూ ఎవర్నీ ఆ మాట అనకుండా ఉండటానికి.”

“నాన్నని మధ్యలోకి లాక్కురాకు,” అన్నాడు. గొంతు మాత్రం తగ్గిపోయింది. “పిలువు. ఎవర్ని పిలుస్తావో పిలువు. ఇవాళే అయిపోవాలి,” అన్నాడు.

యేసుబాబు గారికి ఫోను చేసింది. తన పక్క బల్ల ఆయనదే. కొండలయ్య మరణ ధ్రువపత్రం నకళ్ళకు సీలు కావలసి వచ్చినప్పుడు కూడా ఆమె ఆయన దగ్గరికే వెళ్ళింది. ఆయన కాగితం మీది పేరు చదివాడు. కుర్చీలోంచి లేచి, నిలబడి సీలు వేశాడు. నోరు విప్పితే నవ్వించే మనిషి ఆ రోజు ఒక్క మాటా అనలేదు.

“మీరే నాకు పని చూపిస్తున్నారా మేడం?” అన్నాడు ఫోనులో. “గొడుగు తెచ్చుకుంటానుండండి. ఇవాళ వాన ఖాయం.”

మధ్యాహ్నం వచ్చాడు. గుమ్మం పట్టుకుని ఆయాసపడ్డాడు.

“లిఫ్టు చెడిపోయిందని ముందే చెబితే మెట్టుకింతని ఫీజు చెప్పేవాణ్ణి కదండీ.” హేమసుందర్ నవ్వలేదు. ఆయన అది గమనించి కుర్చీలో సర్దుకున్నాడు. “నువ్వేనా బాబూ తమ్ముడివి? ఇంట్లో నోటరీని పెట్టుకుని ఈ బట్టతలాయనెందుకు అనుకుంటున్నావు. మా అత్తగారూ అలాగే అనుకుంది. ఆవిడ వీలునామాకి నేను సీలు వెయ్యనన్నాను. అప్పట్నుంచీ నాతో మాట్లాడ్డం మానేసింది. ఈ వృత్తిలో నాకు మిగిలిన లాభం అదొక్కటే.”

కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. కొండలయ్య పేరు దగ్గర ఆయన వేలు ఒకసారి ఆగి ముందుకు పోయింది. ఆధార్ కార్డులు చూశాడు. సుధామణి పెన్ను తీయబోతే వద్దన్నాడు.

“ముందు పెద్దావిడ. తర్వాత మీరు.”

సుధామణి దారి చూపిస్తూ గదిలోకి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. హేమసుందర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కొత్త మనిషిని చూసి పేరమ్మ పమిట తల మీదికి లాక్కుంది. యేసుబాబు కుర్చీ వద్దని, ఆవిడకు కొంచెం దూరంగా నేల మీదే చతికిలబడ్డాడు.

“అమ్మా, నమస్కారం. నా పేరు యేసుబాబండీ. మీ అమ్మాయి చేసే పనే నేనూ చేస్తాను. మీతో కొంచెం మాట్లాడాలి.” తర్వాత తల తిప్పాడు. “మీరిద్దరూ కాసేపు బయటుండండి.”

“నేను కూడానా?” అంది సుధామణి.

“మీరు మరీనూ.”

ముసలి తల్లుల్ని చేయి పట్టుకుని తీసుకొచ్చే కొడుకులతో, కోడళ్ళతో ఆమె రోజూ అనే మాటే అది. ఇంటివాళ్ళు కాస్త అవతల నిలబడండి. ఆ మాటకు వాళ్ళ మొహాలు ఎలా మారతాయో ఆమెకు బాగా తెలుసు. ఇప్పుడు తన మొహం ఎలా మారిందో తెలియలేదు. లేచి బయటికి వచ్చింది. వెనక తలుపు మూసుకుంది.

బాల్కనీలో ఎండ వేడికి రెయిలింగు కాలుతోంది. మబ్బు ఇంకా దూరంగానే ఉంది. అక్కాతమ్ముడు ఇద్దరూ గోడ నీడలోకి జరిగి నిలబడ్డారు.

“కాగితంలో ఏముందో అమ్మకి చెప్పావుగా?” అన్నాడు హేమసుందర్.

సుధామణి అతనివైపు తిరిగింది. “నువ్వు చెప్పలేదా? ఫోనులో?”

“నేను నీకు చెప్పా. అమ్మ నా ఫోనెత్తితేగా చెప్పడానికి. నువ్వు పొద్దస్తమానం పక్కనే ఉంటున్నావు, చెప్పే ఉంటావనుకున్నా.”

సుధామణి తల అడ్డంగా ఊపింది.

“సర్లే, ఆయన చెబుతాడుగా,” అన్నాడతను.

లోపలి నుంచి యేసుబాబు గొంతు వినిపించింది. చదువుతున్నట్టు ఒకే వరసన సాగి ఆగింది. తర్వాత పేరమ్మ గొంతు. ఒకటి రెండు మాటలు కాదు. ఆగి, మళ్ళీ మొదలై, మళ్ళీ సాగుతోంది. ఈ మూడు నెలల్లో అమ్మ అంతసేపు మాట్లాడటం వాళ్ళిద్దరూ వినలేదు. మాటలు అందడం లేదు. గొంతే.

“ఏడుస్తుందా అక్కా?”

“లేదు. ఏదో చెబుతోంది.”

హేమసుందర్ తన అరచేతులు చూసుకున్నాడు. “ఆ రోజు నేనే దిగుతానన్నా అక్కా. మర రెక్కకి వల చుట్టుకుంది. నీకు ఈతొచ్చు గానీ వల ముడి నీ మాట వినదురా అని నాన్నే దిగాడు. నేను పైనుంచి తాడు పట్టుకునున్నా. తాడు అట్టాగే ఉంది నా చేతిలో.”

ఆమెకు ఈ సంగతి తెలుసు. అందరూ చెప్పారు. అతను మాత్రం చెప్పడం ఇదే మొదలు.

“మళ్ళీ ఎక్కాలంటే భయం లేదా నీకు?”

“ఎందుకుండదు? ఒడ్డున కూర్చుంటే ఇంకా భయంగా ఉంది. నాకింకో పని రాదు. నాన్న నేర్పిందే ఆ పని. అది మానేస్తే ఆయన నేర్పింది కూడా పోద్ది.”

సుధామణి అతని భుజం మీద చేయి వేసింది. అతను తీసేయలేదు. అన్నం తింటాననేలా ఉన్నాడు.

“ఏం వండావు?”

“గోంగూర పప్పు. చేపలు తేవడం లేదు. అమ్మ ముట్టడం లేదు.”

“నేనూ అంతే,” అన్నాడు మెల్లగా. “ఎవరికీ చెప్పకు. పల్లెపాలెంలో నవ్వుతారు.”

తలుపు తెరుచుకుంది.

యేసుబాబు బయటికి వచ్చాడు. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో మూత పెట్టిన ఇంకు ప్యాడు. కాగితాలు బల్ల మీద, సుధామణి సంచి పక్కన పెట్టాడు. ఆయన మొహంలో ఉదయపు ఫోను నవ్వు లేదు.

“మీ అమ్మగారు స్పష్టంగా ఉన్నారు. మాటలో తడబాటు లేదు. వేలిముద్ర వేస్తానన్నారు.”

హేమసుందర్ ఊపిరి వదిలాడు.

“ఈ కాగితం మీద కాదు.”

“మరి?” అంది సుధామణి.

“నేను చెప్పేదాకా ఇందులో ఏముందో ఆవిడకి తెలియదండీ. రెండుసార్లు చెప్పించుకున్నారు. ‘వద్దంటే ఏమవుద్ది బాబూ?’ అని అడిగారు. మీకిష్టం లేకపోతే నేను సీలు వెయ్యనమ్మా, అంతే, అన్నాను. అప్పుడు చెప్పారు.” ఆయన ఇద్దరిలో ఎవరివైపూ చూడకుండా అన్నాడు. “పడవలో తన వాటా కొడుక్కి ఇవ్వరట. అమ్మాయికి రాసిస్తారట. దానికి వేరే కాగితం రాయించుకోవాలి. ఇవాళ్టికి నా పని లేదు.”

పడవకు వారసులు ముగ్గురు. అమ్మ వాటా, అక్క వాటా ఒక చోట చేరితే ఆ పడవ ఎవరు కదలమంటే కదులుతుందో హేమసుందర్‌కి ఎవరూ లెక్క చెప్పనక్కర్లేదు.

సుధామణి గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. పేరమ్మ మళ్ళీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

“అమ్మా, ఏంటమ్మా ఇది? నన్నొక్క మాట అడగకుండా...”

“మీరు నన్నడిగారా?”

సుధామణి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“ఆ బాబు అడిగాడు. చెప్పాను,” అంది పేరమ్మ. గొంతు బాగా తగ్గించింది. “నీకు పడవ చేతకాదుగా. నీ పేరునుంటే అది కట్టేసే ఉంటది.”

సుధామణి హాల్లోకి వచ్చేసరికి హేమసుందర్ కాగితాలు మడుస్తున్నాడు. నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కోపంగా లేడు. చాలా దూరం నడిచి వచ్చి, ఊరు ఇది కాదని తెలిసినవాడిలా ఉన్నాడు.

“హేమూ, అమ్మ ఎందుకలా అందంటే...”

“పక్క పడవ మనిషిని తెస్తానన్నావు.” అతను యేసుబాబు వైపు చూశాడు. “ఈయన మీ పక్క బల్ల మనిషి కదక్కా.”

యేసుబాబు ఇంకు ప్యాడు తన సంచిలో వేసుకున్నాడు.

“సీలు వెయ్యకూడదు, వెయ్యకూడదు అని పొద్దుట్నుంచీ ఎందుకన్నావో నాకిప్పుడు తెలిసింది.”

“అమ్మ అలా అన్నది నువ్వు వేటకి పోకుండా ఉండాలనిరా! నీ మీద భయం కొద్దీ. నా కోసం కాదు.”

అప్పటికే అతను చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. తన మాట తన చెవికే వినపడింది సుధామణికి. వాటా కలిసొచ్చినవాళ్ళు ఎవరైనా అనే మాటలాగే ఉంది. తన బల్ల దగ్గర అలాంటి మాటలు ఎన్నో విన్నది. వింటూ తల ఊపింది, నమ్మకుండా.

మెట్ల మీద అడుగుల చప్పుడు కింది అంతస్తు దాటింది. యేసుబాబు నిలబడే ఉన్నాడు. వెళ్ళాలో ఉండాలో ఆయనకూ తెలియడం లేదు. బల్ల మీద సీలు సంచి ఉదయం పెట్టిన చోటే ఉంది. పక్కన, మీగడ కట్టిన కాఫీ.

లోపలి గదిలోంచి పేరమ్మ గొంతు వచ్చింది.

“సుధా, వాడు తినే వెళ్ళాడా?”